ఏ ఖాసిం?

మా మెదక్ జిల్లాలో శంకరంపేటలు రెండు. ఒకటి పెద్ద శంకరంపేట, ఇంకొకటి చిన్న శంకరంపేట. సర్కారు కాగితాల్లో ఒకదాని పక్కన ‘ఎ’ అనీ, రెండోదాని పక్కన ‘ఆర్’ అనీ బ్రాకెట్లో రాస్తారు. ఒక ఊరి పహాణీ ఇంకో ఊరి లెక్కలో కలవకుండా, ఒక ఊరికి రావాల్సిన ఉత్తరం ఇంకో ఊరికి పోకుండా ఆ అక్షరం. పేరు ఒక్కటైనంత మాత్రాన ఊరు ఒక్కటి కాదని సర్కారుకు తెలుసు. ఊళ్ళ విషయంలో ఉన్న ఈ తెలివి మనుషుల దగ్గరికి వచ్చేసరికి ఎందుకు లేకుండా పోతుంది?

ఖాసిం అనేది మా ఇండ్లలో మామూలు పేరు. వాడకు ఒక ఖాసిం ఉంటాడు. బడిలో సెప్టెంబర్ 17 పాఠం వచ్చిన రోజు క్లాసంతా ఆ పేరున్న పిల్లవాడి దిక్కు తిరిగి చూస్తుంది. “ఏం రా, రజ్వీ మీ తాతనా?” అని ఎవరో ఒకరు అంటారు. అందరూ నవ్వుతారు. మేమూ నవ్వినం. నవ్వకపోతే ఇంకో మాట పడాల్సి వస్తుందని నవ్వినం. ఇంటికొచ్చి మాత్రం అమ్మీని నిలదీసినం, ఈ పేరెందుకు పెట్టినవని. అమ్మీకి రజ్వీ ఎవరో తెలియదు. ఆమె ఎరిగిన ఖాసిం వేరే.

ఆమె ఖాసిం కర్బలా ఖాసిం. ఇమాం హసన్ కొడుకు. 680లో కర్బలా మైదానంలో పినతండ్రి ఇమాం హుస్సేన్ వెంట నిలబడి, మీసం కూడా రాని వయసులో ప్రాణమిచ్చినవాడు. పెళ్ళికొడుకుగానే యుద్ధానికి కదిలాడని మర్సియాలు చెప్తాయి. అందుకే దక్కన్‌లో ఆయన ‘ఖాసిం దుల్హా’. మొహర్రం ఏడో రోజు ఆయన పేరున మెహందీ తీస్తారు. తెలంగాణ పల్లెల్లో పీర్ల చావిట్లో ఆయన పీరు నిలబడుతుంది. ఆ పీరు ముందు ఊదు వేసేవాళ్ళు, దాన్ని ఎత్తుకొని అలాయి చుట్టూ తిరిగేవాళ్ళు అందరూ ముస్లింలే కాదు. మొక్కుకొని పిల్లలకు పీర్ల పేర్లు పెట్టుకున్న ఇండ్లు అన్ని కులాల్లోనూ ఉన్నాయి. ఉస్మానియా యూనివర్సిటీలో తెలుగు ఆచార్యుడు, విప్లవ కవి సి. కాశీం దళిత బిడ్డ. ఆ పేరు విని ముస్లిం అనుకున్నవాళ్ళు ఎంతమందో!

అరబ్బీలో ఖాసిం అంటే పంచేవాడు, పంచిపెట్టేవాడు. మహమ్మద్ ప్రవక్తకు పసితనంలోనే పోయిన ఒక కొడుకు పేరు ఖాసిం. అందుకే ప్రవక్తను ‘అబుల్ ఖాసిం’ అని కూడా పిలిచారు. మా వాళ్ళు ఈ పేరును ఇష్టంగా పెట్టుకోవడానికి వెనక ఇంత ఉంది.

చరిత్రలో ఇంకా ఖాసింలున్నారు. 712లో సింధును జయించిన అరబ్బు సేనాని మహమ్మద్ బిన్ ఖాసిం. మా మెదక్‌కు పొరుగునే ఉన్న బీదర్‌లో బహమనీల మంత్రిగా ఉండి, సుల్తాన్‌ను గుప్పిట్లో పెట్టుకున్న ఖాసిం బరీద్. ఆయన వంశం 1619 దాకా బీదర్‌ను ఏలింది. 1760లో బెంగాలు నవాబై, సుంకాల దగ్గర ఈస్టిండియా కంపెనీతో తగవుపడి, 1764లో బక్సర్‌లో ఓడిన కూటమిలో ఉన్న మీర్ ఖాసిం. సింధు సేనానికి బీదర్ మంత్రి ఏమవుతాడు? బీదర్ మంత్రికి బెంగాలు నవాబు ఏమవుతాడు? ఏమీ కాడు. మధ్యలో వందల ఏండ్లు, వందల కోసులు.

ఆ వరుసలో చివర వచ్చినవాడు ఖాసిం రజ్వీ. లాతూరులో వకీలు. తెలుగు నేల మనిషి కాదు. 1946లో మజ్లిస్ అధ్యక్షుడై రజాకార్లను నడిపించాడు. రజాకార్లు చేసిన దౌర్జన్యాలను మేం కాదనం. 1948 ఆగస్టులో బైరాన్‌పల్లిలో పారిన నెత్తురు అబద్ధం కాదు. అదే నెలలో ‘ఇమ్రోజ్’ పత్రిక సంపాదకుడు షోయబుల్లా ఖాన్‌ను చంపిందీ రజాకార్లే. హైదరాబాద్ ఇండియాలో కలవాలని రాసినందుకు చంపారు. ఆయనా ముస్లిమే. రజ్వీ 1957లో జైలు నుంచి విడుదలై పాకిస్తాన్ వెళ్ళిపోయాడు. 1970లో కరాచీలో చనిపోయాడు. ఆయన పోయాడు. ఆయన లెక్క మాత్రం మా ఖాతాలో రాసి ఉంది.

ఆ లెక్క ఎట్లా వసూలైందో కూడా చెప్పుకోవాలి. పోలీస్ యాక్షన్ తర్వాత భారత ప్రభుత్వమే పండిత్ సుందర్‌లాల్, ఖాజీ అబ్దుల్ గఫార్‌లను విచారణకు పంపింది. సంస్థానం మొత్తంలో 27 వేల నుంచి 40 వేల మంది చనిపోయారని, ఔరంగాబాద్, బీడ్, నల్లగొండ, మెదక్ జిల్లాల్లో కలిపి కనీసం 5 వేల మంది అని వాళ్ళు రాశారు. ఆ నివేదికను దశాబ్దాల పాటు బయటికి రానియ్యలేదు. చచ్చినవాళ్ళలో ఎందరికి రజ్వీ ముఖమైనా తెలుసు? పేరు, టోపీ, గడ్డం చూసినవాళ్ళు మనిషిని చూడలేదు.

ఇప్పుడొక సంగతి. విసునూరు దేశ్‌ముఖ్ రామచంద్రారెడ్డి పేరు తెలంగాణలో తెలియనిదెవరికి? షేక్ బందగీని బలిగొన్నదీ, 1946 జూలై 4న దొడ్డి కొమరయ్య మీద కాల్పులు జరిపిందీ ఆయన మనుషులే. అప్పటి నల్లగొండ జిల్లాలోనే ఇంకో రామచంద్రారెడ్డి ఉన్నాడు. పోచంపల్లి వెదిరె రామచంద్రారెడ్డి. 1951 ఏప్రిల్ 18న వినోబా భావే ముందు లేచి నూరెకరాలు ఇస్తానన్నాడు. భూదానోద్యమం అక్కడ పుట్టింది. ఇద్దరిదీ ఒకటే పేరు, ఒకటే కులం, ఒకటే జిల్లా. ఒకడు భూమి గుంజుకున్నాడు, ఇంకొకడు భూమి పంచాడు. ఒకరి పాపం ఇంకొకరికి ఎవరూ అంటగట్టలేదు. అంటగట్టకూడదు కూడా. ఏ బడిలోనూ రామచంద్రారెడ్డి అనే పిల్లవాడిని “విసునూరు దొర మీ తాతనా?” అని అడగరు. మమ్మల్ని ఎందుకు అడుగుతారు?

అప్పటి మా జిల్లాలోని అందోల్‌లో 1908లో పుట్టిన మఖ్దూం మొహియుద్దీన్ నిజాం మీద సాయుధ పోరాటానికి 1947లో పిలుపునిచ్చిన ముగ్గురిలో ఒకడు. మఖ్దూం పేరు విన్నప్పుడు ‘ముస్లింలంతా మఖ్దూంలే’ అని ఎవరైనా అన్నారా? రజ్వీ పాపం మా అందరిదీ అయింది. మఖ్దూం పుణ్యం ఆయన ఒక్కడిదే అయింది. ఈ లెక్క రాసింది ఎవరు?

అసలు రజాకార్ అనే మాటకు అర్థం స్వచ్ఛంద సేవకుడు. 1971లో బంగ్లాదేశ్‌లో పాకిస్తాన్ సైన్యం నిలబెట్టిన దళానికీ అదే పేరు. హైదరాబాద్ రజాకార్లకూ వాళ్ళకూ ఏ సంబంధమూ లేదు. అక్కడ బెంగాలీ ముస్లింలకే అది తిట్టు. ఇక్కడ ముస్లింలను తిట్టే తిట్టు.

మేం పేరు మార్చుకోం. మా పేరు పక్కన బ్రాకెట్లో అక్షరం పెట్టించుకొని ‘మంచి ఖాసిం’ అని రుజువు చేసుకోవడమూ మా పని కాదు. శంకరంపేటకు టికెట్ అడిగినవాణ్ణి కండక్టర్ ఒక మాట అడుగుతాడు, “పెద్దదా, చిన్నదా?” అని. అడిగిన తర్వాతే టికెట్ కొడతాడు. మా గురించి తీర్పు చెప్పే ముందు ఆ ఒక్క మాట అడగండి. ఏ ఖాసిం?