లారీ మేలుకొలుపు

పలాస జీడిపప్పునకును, టెక్కలి ప్రాంతపు నీలిరాతికిని, ఉద్దానపు కొబ్బరికిని ఉమ్మడి చుట్టము ఒకటి కలదు. అది లారీ. కవిటి, సోంపేట, కంచిలి తోటలలో కాయ ఎంత దిగినను, లారీ కదలనిచో ఆ కాయకు వెల లేదు. అట్టి లారీ ఒక్కొక తెల్లవారుజామున ఎంత పిలిచినను పలుకదు. బ్యాటరీ దిగిపోయినదని గ్రహించి, పొరుగు లారీనుండి తీగలు తగిలించి లేపుదురు. లేచును గాని నిలుకడగా ఆడదు; గజగజ వణకును, మధ్యమధ్య ఆగబోవును. బండి కదలక ఇంజను మాత్రము నెమ్మదిగా తిరుగు ఆ స్థితిని మన మెకానిక్కులు ఐడ్లింగు అందురు. బ్యాటరీ దిగుటకును, ఐడ్లింగు చెడుటకును సంబంధ మేమి? ఈ ప్రశ్నకు తాతలనాడు ఒక సమాధానము, తండ్రులనాడు ఒకటి, నేడు వేరొకటి. ఆ మార్పు ఎట్లు వచ్చినదో శ్రోతలకు విన్నవించుట మా ఉద్దేశము.

ఈ సీమకు మొదట వచ్చినది రైలు. 1900లో నౌపడా నుండి పర్లాకిమిడికి సన్నని పట్టాల బండి నడిచినది. ఊరినుండి స్టేషనుకు సరకు చేర్చుట ఎడ్లబండ్ల పని. ఆ పనిలోనికి క్రమముగా పెట్రోలు లారీ ప్రవేశించినది. 1928లో జనరల్ మోటార్స్ కంపెనీ బొంబాయిలో బండ్లను కూర్చు కర్మాగారమును తెరచినది. దేశములో లారీల సంఖ్య పెరిగినది. ఆ లారీ ముందుభాగమున ఇనుప హేండిలు తగిలించి, చేతితో త్రిప్పి ఇంజనును లేపుచుండిరి. ఇంజను ఎదురు తిరిగినచో మణికట్టు విరుగుచుండెను. అమెరికాలో చార్లెస్ కెట్టరింగ్ రూపొందించిన విద్యుత్ స్టార్టరు 1912 నాటి కాడిలాక్ కారుతో జనులకు అందినది. దానినే మనవారు ‘సెల్ఫ్’ అందురు. అయినను చాలకాలము హేండిలు బండిలోనే ఉండెను. బ్యాటరీ దిగిపోయినచో అది చిన్న ఇబ్బంది మాత్రమే. బలమైన చేయి ఉన్న క్లీనరు ఒకడు చాలును. రెండవ ప్రపంచయుద్ధకాలమున పెట్రోలు కరవైనప్పుడు బొగ్గు గ్యాసుతో నడచిన బండ్లకు, హేండిలు త్రిప్పుటకు ముందు కొలిమిని విసరుట కూడ తప్పలేదు.

రెండవ యుగము డీజిలుది. రుడాల్ఫ్ డీజిలు ఇంజను 1897లో విజయవంతముగా నడిచినది. 1927లో బాష్ కంపెనీ ఇంధనపు పంపును పెద్ద సంఖ్యలో చేయుట ప్రారంభించిన తరువాతనే అది లారీకి చక్కగా అమరినది. మన దేశమున 1954లో జంషెడ్‌పూరులో టాటా-మెర్సిడిస్ బెంజి లారీలు వెలువడినవి. 1955లో ఎన్నూరు సంస్థ అశోక్ లేలాండ్ అను పేరు ధరించినది. డీజిలు ఇంజనులో నిప్పురవ్వ లేదు. గాలిని పదహారు, పదునెనిమిది వంతులు కుదించి, ఆ వేడిమితోనే నూనెను మండించవలెను. అంత కుదింపును చేతి హేండిలుతో సాధించుట పెద్ద లారీల విషయమున కానిపని. కనుక బ్యాటరీ ప్రాణావసరమైనది. పెద్ద లారీలకు 12 వోల్టుల బ్యాటరీలు రెండు జతచేసి 24 వోల్టులు కల్పించిరి.

అయితే ఒక విశేషమున్నది. ఇంజను ఒకసారి లేచెనా, ఇక దానికి బ్యాటరీతో పనిలేదు. పంపును ఇంజనే త్రిప్పును. పంపులోని గవర్నరు, తిరుగు బరువుల సాయముతో, వేగమును కాచుకొనును. అందువలన ఆనాటి మేస్త్రీలు ఒక సూత్రమును పాటించిరి: లేవకున్న బ్యాటరీని చూడుము, లేచి వణకిన పంపును, నాజిళ్లను చూడుము. రెండును వేర్వేరు వ్యాధులు. వణకు ఇంజనులో ఒక్కొక నాజిలు గొట్టపు నట్టును కొంచెము వదులుచేసి చెవి యొగ్గి వినెడివారు. ఏది వదులుచేసినను శబ్దము మారకున్నదో, ఆ సిలిండరే రోగి. ఇంత చక్కని పరీక్షకు వారికి రెండు స్పానర్లు, రెండు చెవులు చాలినవి.

మూడవ యుగమున ఆ సూత్రము పూర్తిగా నిలువలేదు. పొగను అదుపుచేయు నిబంధనలు కఠినమైనవి. దేశమంతట భారత్ స్టేజి నాలుగు 2017 ఏప్రిల్ 1 నుండియు, ఆరు 2020 ఏప్రిల్ 1 నుండియు అమలులోనికి వచ్చినవి. ఏ సిలిండరుకు ఏ క్షణమున ఎంత నూనె పోవలెనో నేడు లెక్కించునది ఒక కంప్యూటరు. బ్యాటరీ ఆ కంప్యూటరుకు ఆహారము. కొన్ని నమూనాలలో ఆ కంప్యూటరు తాను నేర్చిన చిన్న చిన్న సవరణలను బ్యాటరీ శక్తితోనే జ్ఞాపకముంచుకొనును. పెట్రోలు చిన్నబండిలో గాలి ద్వారమునకు మసి పట్టినకొలది, ద్వారమును కొంచెము ఎక్కువ తెరచుట అది నేర్చుకొనును. బ్యాటరీ పూర్తిగా దిగినచో ఆ పాఠము తుడిచిపోవును. కొత్తబండి కొలతకే తిరిగి వచ్చును. మసి మాత్రము పోలేదు. గాలి చాలక ఇంజను తడబడును. డీజిలు బండిలో నాజిళ్ల శాశ్వత సంకేతములు సాధారణముగ చెరగవు గాని, ఐడ్లింగులో సిలిండర్ల మధ్య సమత్వమునకై చేసికొనిన సవరణలు కొన్ని నమూనాలలో పోవచ్చును. ఇట్టి మరపు కొంతదూరము నడచిన పిదప తనంతట సర్దుకొనుటయు కలదు.

ఇచట మన తీరపు విషయము చెప్పక తప్పదు. 2018 అక్టోబరు 11 తెల్లవారుజామున తిత్లీ తుపాను పలాస సమీపమున తీరము దాటినది. కొబ్బరి, జీడి తోటలు నేలకూలినవి. అనేక గ్రామములకు దినముల తరబడి విద్యుత్తు లేదు. అట్టి దినములలో బండ్లును నిలిచిపోవును. నిలిచిన బండికి రెండు కీడులు ఒకేసారి కలుగును. దిగిన బ్యాటరీని అట్లే వదలినచో సీసపు పలకలపై సల్ఫేటు గట్టిపడి, మరల చార్జి పట్టదు. మరొకవంక గొట్టములలోని నూనె ట్యాంకునకు జారి, ఆ చోటికి గాలి చేరును; ట్యాంకులో చెమ్మ నీరగును. కనుక పాత మేస్త్రీలు వేర్వేరని తలచిన రెండు వ్యాధులకు, నిలిచియుండుట అను మూల మొక్కటే కావచ్చును. సముద్రపుగాలి ఉప్పు, టెర్మినళ్లను తినుట దీనికి తోడు.

ఇట్లు ఆలోచించినచో పరీక్షకు ఒక క్రమ మేర్పడును. మొదట, ఇంజను ఆపి కొన్ని గంటలైన పిదప బ్యాటరీని కొలువవలెను. 12 వోల్టుల బ్యాటరీలో 12.6 ఉన్న నిండుగ నున్నట్లు. 12కు దిగువనున్న దాదాపు ఖాళీ. పిమ్మట ఇంజను నడచుచుండగ కొలువవలెను. సుమారు 13.8 మొదలు 14.4 వరకు వచ్చినచో ఆల్టర్నేటరు సరిగ నున్నది. 24 వోల్టుల బండికి ఇందుకు రెట్టింపు. తరువాత టెర్మినళ్ల తెల్లని చిలుమును కడిగి, చట్రమునకు బిగించిన ఎర్తు తీగను చూడవలెను. నాలుగవది, ఫిల్టరులోని నీటిని దించి, గొట్టములలోని గాలిని తీయవలెను. ఇంత చేసి, ఇంజను వేడెక్కి కొంతదూరము నడచిన పిదపను వణకు పోనిచో, అప్పుడే స్కానరును ఆశ్రయింపవలెను.

ఈ క్రమమును తలక్రిందులు చేయుటవలన నష్టపడువాడు ఎవడు? అప్పుచేసి లారీ కొనిన సొంతదారు. నూరు రూపాయల ఎర్తు తీగ బిగింపవలసిన చోట వేల రూపాయల నాజిళ్లు మార్పించుకొని, వణకు అట్లే ఉండగ వాయిదా దినమునకు చేతులు ముడుచుకొనువాడు అతడే. అతనితోపాటు కాయ ఎత్తు కూలీలకు ఆనాటి కూలి లేదు.

పాత అలవాట్లన్నియు నేడు చెల్లవని కూడ చెప్పవలసియున్నది. డైనమో పనిచేయుచున్నదో లేదో తెలియుటకు, నడచు ఇంజనునుండి బ్యాటరీ తీగను ఊడదీయుట ఆనాటి మేస్త్రీల పరీక్ష. నేడట్లు చేసినచో వోల్టేజి ఒక్కసారి ఎగసి కంప్యూటరును కాల్చవచ్చును. పెద్ద లారీ 24 వోల్టులను చిన్నబండి 12 వోల్టులకు తగిలించుటయు అంతే ప్రమాదము.

పాత చెవి గొప్పదా, కొత్త యంత్రము గొప్పదా అను వాదము మాకు రుచింపదు. స్కానరు కంప్యూటరులోని సంకేతమును చదువును గాని, ఈ బండి వారము దినములు వానలో నిలిచినదని దానికి తెలియదు. ఆ సంగతి డ్రైవరుకు తెలియును. కనుక షెడ్డునకు బండి వచ్చినప్పుడు మెకానిక్కు మొదట తెరవవలసినది బానెట్టు కాదు; ‘ఎన్నాళ్లు నిలిచినది బాబూ, ఎవరు లేపినారు, ఎట్లు లేపినారు’ అని డ్రైవరును అడుగవలెను. యంత్రములు మూడు యుగములు మారినను, ఆ ప్రశ్నకు విలువ తగ్గలేదు.