బ్యాంకాక్ 1974: ఆసియా యువజన ఫుట్‌బాల్ విజయం – హైదరాబాద్ వారసత్వం

ఉపోద్ఘాతం

1974 ఏప్రిల్‌లో బ్యాంకాక్‌లో జరిగిన ఆసియా యువజన ఫుట్‌బాల్ పోటీల అంతిమ సమరంలో భారత్, ఇరాన్ జట్లు చెరి రెండు గోల్స్ చేసి సమంగా నిలిచాయి. నిర్వాహకులు రెండు జట్లనూ ఉమ్మడి విజేతలుగా ప్రకటించారు. భారత జట్టు నాయకుడు హైదరాబాద్‌లో పుట్టి పెరిగిన షబ్బీర్ అలీ. ఆయన వయస్సు అప్పటికి పద్ధెనిమిదేళ్లు. యువజన స్థాయిలో భారత్ సాధించిన ఆసియా టైటిల్ ఇదొక్కటే. అయినప్పటికీ తెలుగువారి క్రీడాస్మృతిలో కోడి రామమూర్తికో, సి.కె. నాయుడికో దక్కిన చోటు ఈ విజయానికి దక్కలేదు. ఆ విజయం వెనుక ఉన్న హైదరాబాద్ ఫుట్‌బాల్ పరంపరను, అది మరుగున పడడానికి గల కారణాలను పరిశీలించడం ఈ వ్యాసం ఉద్దేశం.

పోటీల స్వరూపం – ‘ఉమ్మడి’ అనే మాట

ఆసియా యువజన పోటీలు 1959లో కౌలాలంపూర్‌లో మొదలయ్యాయి. మలయా ప్రధాని టుంకు అబ్దుల్ రహమాన్ అప్పటి ఆసియా ఫుట్‌బాల్ సమాఖ్య అధ్యక్షుడు కూడా. మొదటి రెండేళ్లూ దక్షిణ కొరియా గెలిచింది. ఆ తరువాతి కాలంలో బర్మా, ఇజ్రాయెల్ జట్లు ఆధిపత్యం చూపాయి. 1973లో టెహ్రాన్‌లో ఇరాన్ విజేత అయింది.

ఉమ్మడి విజయమంటే సగం విజయమే కదా అన్న తేలిక భావం కొందరిలో కనబడుతుంది. అది సరికాదు. పెనాల్టీ షూటౌట్ పద్ధతి 1970లో నియమావళిలోకి వచ్చినా, ఈ పోటీలలో టైటిల్‌ను పంచడం అప్పటికీ ఆనవాయితీగానే ఉండేది. 1961లో బర్మా, ఇండోనేషియా. 1963లో బర్మా, దక్షిణ కొరియా. 1969లో బర్మా, థాయ్‌లాండ్ ఇలాగే పంచుకున్నాయి. భారత్ తరువాత 1975లో ఇరాక్‌తో, 1976లో ఉత్తర కొరియాతో పంచుకున్నది కూడా ఇరానే. వరుసగా నాలుగేళ్లు ఆసియా శిఖరాన నిలిచిన జట్టును దాని విజయపరంపర నడుమ నిలువరించడం చిన్న విషయం కాదు.

రహీమ్ బడి

ఈ విజయాన్ని అర్థం చేసుకోవాలంటే పదకొండేళ్లు వెనక్కి, 1963 జూన్‌లో మరణించిన సయ్యద్ అబ్దుల్ రహీమ్ వద్దకు వెళ్లాలి. రహీమ్ వృత్తిరీత్యా బడిపంతులు. హైదరాబాద్ పాఠశాలల్లో పాఠాలు చెప్పినవాడు. 1943లో హైదరాబాద్ ఫుట్‌బాల్ సంఘం కార్యదర్శి అయ్యాడు. 1950 నుంచి నగర పోలీసు జట్టుకు శిక్షణనిచ్చాడు. ఆ జట్టు 1950 మొదలు 1954 వరకు వరుసగా ఐదుసార్లు బొంబాయి రోవర్స్ కప్పు గెలిచింది. భారత జట్టు 1951లో ఢిల్లీలోను, 1962లో జకార్తాలోను ఆసియా క్రీడల స్వర్ణాలు సాధించినప్పుడు, 1956 మెల్‌బోర్న్ ఒలింపిక్స్‌లో నాలుగవ స్థానంలో నిలిచినప్పుడు శిక్షకుడు ఆయనే.

కప్పుల లెక్క కన్నా ఆయన శిక్షణ పద్ధతి ఇక్కడ ఎక్కువ ముఖ్యం. బంతిని ఒంటరిగా నడిపించుకుపోవడాన్ని నిషేధించి, వచ్చిన బంతిని వచ్చినట్లే ఒక్క తాకుతో అందించే పోటీలను ఆయన కుర్రవాళ్లకు పెట్టించేవాడు. బలహీనమైన కాలితో మాత్రమే ఆడవలసిన పోటీలు కూడా నిర్వహించాడు. ఆటను చిన్న వయసులోనే నేర్పాలన్న ఈ దృష్టి ఉపాధ్యాయుడికి సహజమైనదే. పీటర్ తంగరాజ్, తులసీదాస్ బలరామ్, యూసుఫ్ ఖాన్ ఆ కాలపు హైదరాబాద్ క్రీడాకారులు. వీరిలో బలరామ్ సికింద్రాబాద్ సమీపంలోని అమ్ముగూడలో పెరిగాడు.

1974 యువ జట్టు శిక్షకుడు అరుణ్ ఘోష్ బెంగాల్ వాడు. జకార్తాలో స్వర్ణం గెలిచిన జట్టులో రహీమ్ కింద రక్షణపంక్తిలో ఆడినవాడు. శిక్షకుడు రహీమ్ శిష్యుడు, నాయకుడు రహీమ్ ఊరి కుర్రవాడు. రహీమ్ పోయేనాటికి షబ్బీర్ ఏడేళ్ల పిల్లవాడు. కనుక వారిద్దరి నడుమ ప్రత్యక్ష గురుశిష్య సంబంధాన్ని ఊహించడం తగదు. అయితే ఒక ఊరిలో ఒక ఆట ప్రతిష్ఠ పొందితే దాని ఫలం తరువాతి తరానికి అందుతుందనడానికి మరో నిదర్శనం కూడా ఉంది. 1970లో ఇదే బ్యాంకాక్‌లో ఆసియా క్రీడల కాంస్యం గెలిచిన భారత జట్టు నాయకుడు సయ్యద్ నయీముద్దీన్ హైదరాబాద్ వాడే. ఆ జట్టులోని మహమ్మద్ హబీబ్‌దీ అదే నగరం. నాలుగేళ్ల వ్యవధిలో ఒకే విదేశీ నగరంలో రెండు భారత జట్లను హైదరాబాదీలు నడిపించారు.

ఐదు నెలల అంతరం

అదే ఏడాది సెప్టెంబరులో టెహ్రాన్ ఆసియా క్రీడలు జరిగాయి. ఇరాన్ సీనియర్ జట్టు స్వర్ణం గెలిచింది. భారత జట్టు తన గ్రూపులో ఆడిన మూడు మ్యాచ్‌లూ ఓడిపోయింది. ఇరాన్ 1976లో ఆసియా కప్పు నిలబెట్టుకొని, 1978లో అర్జెంటీనా ప్రపంచకప్పుకు చేరింది. యువజన స్థాయిలో సమంగా నిలిచిన రెండు దేశాలు ఇంత త్వరగా వేరుపడటానికి కుర్రవాళ్ల ప్రతిభ కారణం కాలేదు. ఆ ప్రతిభను పెద్ద జట్టు దాకా నడిపించే ఏర్పాటు ఒకచోట ఉంది, మరొకచోట లేదు. మరొక దురదృష్టం కాలానికి సంబంధించినది. ప్రపంచ యువజన పోటీలు 1977లో ట్యునీషియాలో మొదలయ్యాయి. 1974 విజేతలకు ఆసియా దాటి వెళ్లే మెట్టు లేదు.

షబ్బీర్ తరువాత కలకత్తాలో ఈస్ట్ బెంగాల్, మహమ్మడన్ స్పోర్టింగ్ జట్లకు ఆడాడు. నయీముద్దీన్, హబీబ్ వెళ్లినదీ ఆ దారినే. హైదరాబాద్ పెంచింది, కలకత్తా ఆడించుకుంది. తన ఆటగాళ్ల ఆటను చూసే అవకాశం సొంత ఊరికి తగ్గిపోయింది. షబ్బీర్‌కు 2011లో ధ్యాన్‌చంద్ పురస్కారం లభించింది.

పల్లెకు చేరని ఆట

హైదరాబాద్ ఫుట్‌బాల్ సికింద్రాబాద్ దండు, పోలీసు కొలువు, ఉస్మానియా విశ్వవిద్యాలయం, నగరంలోని పాఠశాలలు అనే నాలుగు గట్ల మధ్య ప్రవహించింది. పాలమూరు వైపు చూస్తే ఇది స్పష్టమవుతుంది. వనపర్తి, గద్వాల సంస్థానాలు నిజాం రాజ్యంలోనివే. కానీ వీపనగండ్ల వంటి ఊళ్ల బడి మైదానాల్లో కనిపించేవి కబడ్డీ, ఖోఖో, వాలీబాల్. ఫుట్‌బాల్‌కు కావలసిన విశాలమైన చదును నేల, జట్టుకు పదకొండు మంది, బూట్లు, అన్నిటికీ మించి ఆట ద్వారా దొరికే కొలువు – ఇవి నగరం దాటి రాలేదు. పోలీసు ఉద్యోగం ఆశ చూపి నగర కుర్రవాణ్ని మైదానానికి రప్పించిన వ్యవస్థ జిల్లాల్లో ఏర్పడలేదు.

భాష కూడా ఒక కారణమని ఈ వ్యాసకర్త అభిప్రాయం. ఈ ఆటగాళ్లలో అనేకుల ఇంటిభాష ఉర్దూ. వారి ఆటను గురించిన ముచ్చట్లు ఉర్దూలోను, ఇంగ్లీషులోను ఎక్కువగా సాగాయి. తెలుగువారి క్రీడాచరిత్రను తెలుగు అక్షరాల్లో దొరికిన ఆధారాలకే పరిమితం చేస్తే షబ్బీర్, నయీముద్దీన్, హబీబ్ దానికి వెలుపలే ఉండిపోతారు. 1949లో హైదరాబాద్‌లో మొదలైన ‘సియాసత్’ వంటి ఉర్దూ పత్రికల పాత సంచికలలో 1974 ఏప్రిల్, మే నెలలను తిరగవేయడం ఈ దిశలో తెలుగు పరిశోధకులు చేయవలసిన తొలి పని.