కోడి రామమూర్తి: తాలింఖానా, తరగతి, సర్కస్

కోడి రామమూర్తి నాయుడు పేరు వినగానే ఛాతీపై నిలిచిన ఏనుగు, తెగిన ఇనుప గొలుసు స్ఫురిస్తాయి. ఆ ప్రదర్శనల ప్రఖ్యాతిలో ఆయన విద్యాభ్యాసమూ బోధనా మరుగున పడ్డాయి.

వీరఘట్టంలో జన్మించిన ఆయన, బాల్యంలోనే తల్లిని కోల్పోయి, విజయనగరంలో పినతండ్రి నారాయణస్వామి ఇంట పెరిగారు. కుస్తీ అక్కడి తాలింఖానాలోనే అబ్బింది. దానితో తృప్తి చెందక మద్రాసులోని సైదాపేటలో ఏడాదిపాటు వ్యాయామ శిక్షణ పొంది, తిరిగివచ్చి విజయనగరంలోనే పాఠశాల వ్యాయామోపాధ్యాయులయ్యారు. మద్రాసులో వై.ఎం.సి.ఎ. వ్యాయామ విద్యా కళాశాల 1920లో గాని ఏర్పడలేదు. ఇది అంతకు మునుపటి మాట. తాలింఖానాలో గురువు ఒక్కొక్క శిష్యుణ్ణి తీర్చిదిద్దుతాడు. బడిలో తరగతి మొత్తం ఒకే ఆజ్ఞకు కదలాలి. ఈ రెండు బోధనా పద్ధతులూ ఆయన అనుభవంలో కలిశాయి.

గొలుసు తెంపడాన్ని కేవలం కండబలంగా వర్ణించడం పరిపాటి. గొలుసును ఛాతీకి బిగించి, ఊపిరి పూర్తిగా పూరించి బంధించడమే అందులోని కీలకం. అది ప్రాణాయామ సాధన ఫలం. అనంతరం స్వంత సర్కస్ కంపెనీతో దేశమంతా తిరిగి, లండన్‌లో ఐదవ జార్జి చక్రవర్తి ఎదుట సైతం ఆ విద్యను ప్రదర్శించారు. ఆయన సర్కస్‌ను వినోదంగా మాత్రమే లెక్కించడం సమంజసంగా తోచదు. అది వేలాదిమంది యువకులకు దేహసాధనను ప్రత్యక్షంగా చూపిన సంచార పాఠశాల కూడా.

చివరి దశలో కాలు తొలగించవలసి వచ్చింది. 1942 జనవరిలో ఒరిస్సాలోని బలాంగీరులో ఆయన మరణించారు.