స్టాక్ తరగతి ఎలక్ట్రిక్ ఆర్‌సీ కార్ల ట్యూనింగ్: చరిత్ర

రేడియో కంట్రోల్‌తో (ఆర్‌సీ) నడిచే చిన్న ఎలక్ట్రిక్ కార్ల పోటీల్లో, మోటారు బలానికి నిబంధనలే హద్దు గీసే విభాగం స్టాక్ తరగతి. మోటారులో తీగ ఎన్ని చుట్లు ఉండాలో, బ్యాటరీ ఎన్ని వోల్టులు ఇవ్వాలో ముందే ఖరారై ఉంటుంది. ఆ హద్దు దాటకుండా కారు నుంచి వీలైనంత వేగం రాబట్టడమే ఇక్కడి ట్యూనింగ్. హద్దులేని మోటార్లు వాడే విభాగాన్ని మాడిఫైడ్ అంటారు. అందరికీ ఒకే బలమున్న మోటారు ఇస్తే, జేబు బరువుతో పని లేకుండా నడిపే చేతిని బట్టే గెలుపు తేలుతుందన్న ఆశతో స్టాక్ తరగతి పుట్టింది. ఆ ఆశ ఏ కాలంలోనూ పూర్తిగా నెరవేరలేదు. మాడిఫైడ్‌లో బలం అవసరానికి మించి ఉంటుంది, దాన్ని అదుపు చేయగలిగినవాడు గెలుస్తాడు. స్టాక్‌లో బలం ఎప్పుడూ చాలదు, ఒక్క శాతం అదనంగా దొరికినా అది ల్యాప్ సమయంలో కనిపిస్తుంది. అందుకే ట్యూనింగ్ విద్య నెమ్మదైన ఈ తరగతిలోనే ఎక్కువ ముదిరింది.

తొలి రోజులు

జపాన్ కంపెనీ తమియా 1976లో 1/12 స్కేలు పోర్షా 934 మోడల్‌ను రేడియో కంట్రోల్ కారుగా విడుదల చేసింది. ఎలక్ట్రిక్ ఆర్‌సీ కార్లు సామాన్యుల ఇళ్లకు చేరడం దానితోనే మొదలైందని చెప్పవచ్చు. మబూచి తయారుచేసిన 540 సైజు మోటారు ఈ కార్లకు ప్రామాణికమైంది. సుమారు 36 మిల్లీమీటర్ల వ్యాసం, 50 మిల్లీమీటర్ల పొడవు ఉన్న ఆ డబ్బా కొలత నేటి బ్రష్‌లెస్ మోటార్లలోనూ దాదాపు అలాగే కొనసాగుతోంది. అమెరికాలో పోటీల నిబంధనలు చూసే రోర్ సంస్థ 1967లోనే ఏర్పడినా, అప్పట్లో దాని దృష్టి ఇంజిన్ కార్ల మీద ఉండేది. ప్రపంచ స్థాయి సమాఖ్య ఇఫ్మార్ 1979లో వచ్చింది. కాలిఫోర్నియాకు చెందిన అసోసియేటెడ్ కంపెనీ 1984లో ఆర్‌సీ10 బగ్గీని తెచ్చాక 1/10 స్కేలు పోటీలు ఊపందుకున్నాయి. ఆ స్కేలు ఆఫ్‌రోడ్ కార్లకు తొలి ఇఫ్మార్ ప్రపంచ పోటీ 1985లో కాలిఫోర్నియాలోని డెల్ మార్‌లో జరిగింది.

అప్పటి స్టాక్ మోటారు డబ్బా మూసేసి ఉండేది, విప్పడానికి వీల్లేదు. విప్పకుండా చేయగలిగినవి రెండే. ఒకటి, పది మోటార్లు కొని వాటిలో చురుకైనదాన్ని ఏరుకోవడం. దీంతో డబ్బు ప్రమేయం మొదటి రోజే తలుపు తట్టినట్టయింది. రెండోది, కరెంటు అందించే కార్బన్ బ్రష్‌లు వాటికి ఆని తిరిగే రాగి కమ్యూటేటర్ వంపుకు సరిగ్గా ఒదిగేదాకా తక్కువ వోల్టేజి మీద మోటారును అరగదీయడం. కొందరు నీళ్ల గ్లాసులో ముంచి మరీ తిప్పేవారు. కొత్తవాళ్లకు చూడగానే గుండె ఝల్లుమనే పని అది, కానీ అంత తక్కువ వోల్టేజిలో ప్రమాదమేమీ ఉండదు. నీరు వేడిని లాగేస్తుంది, బ్రష్‌ల పొడిని కడిగేస్తుంది.

ఆ కాలపు ట్యూనింగ్‌కు అసలు పగ్గం బ్యాటరీ చేతిలో ఉండేది. ఆరు నికెల్-కాడ్మియం సెల్స్ కలిపితే 7.2 వోల్టులు, నిల్వ 1,200 మిల్లీ ఆంపియర్ అవర్లు. నాలుగు నిమిషాల పోటీకి సగటున 18 ఆంపియర్లు, ఎనిమిది నిమిషాలకైతే 9 ఆంపియర్లు మించి వాడుకోవడానికి లేదు. ఆశపడి పెద్ద పినియన్ (మోటారు కొసకు బిగించే గేరు) వేసినవాడి కారు చివరి ల్యాపుల్లో నీరసించి ఆగిపోయేది. అందుచేత గేరింగ్‌ను పోటీ ముగిసే క్షణానికి బ్యాటరీ కూడా అయిపోయేలా లెక్కగట్టి ఎంచుకునేవారు.

లేతు, బ్రష్, స్ప్రింగ్

క్రమంగా స్టాక్ మోటారును విప్పి బాగుచేసుకోవడానికి నిబంధనలు అనుమతించాయి. రోర్ కొలత ప్రకారం మోటారులో తిరిగే భాగమైన ఆర్మేచర్ మీద 27 చుట్లు, టైమింగ్ (తీగచుట్టలకు కరెంటు అందే క్షణం) 24 డిగ్రీల దగ్గర కదలకుండా బిగింపు. చుట్లూ టైమింగూ ముట్టుకోవద్దన్నారు. కానీ బ్రష్‌లు, స్ప్రింగులు, కమ్యూటేటర్ ఉపరితలం గురించి పెద్దగా పట్టించుకోలేదు. చీమ దూరే ఆ సందులోంచి ఒక పరిశ్రమే పుట్టుకొచ్చింది.

బ్రష్‌కూ కమ్యూటేటర్‌కూ మధ్య నిప్పురవ్వలు లేచిన కొద్దీ రాగి మీద గుంటలు పడతాయి, కరెంటు సరిగ్గా అందదు. వజ్రపు మొన బిగించిన చిన్న లేతుతో ఆ రాగిని పల్చగా చెక్కి మళ్లీ నునుపు చేసేవారు. పోటీ రోజున పిట్ బల్లల మీద ఈ లేతులు వరుసగా కనిపించేవి. వెండి కలిపిన బ్రష్ కరెంటును బాగా పంపుతుంది, కానీ కమ్యూటేటర్‌ను త్వరగా తినేస్తుంది. గట్టి స్ప్రింగు అదుముడు వల్ల లాగే బలం పెరుగుతుంది, రాపిడి పెరిగి గరిష్ఠ వేగం తగ్గుతుంది. బ్రష్ ముఖాన్ని ఒక అంచున కత్తిరిస్తే అది కరెంటు అందుకునే సమయం మారుతుంది. టైమింగ్ బిగించేసిన మోటారులో టైమింగ్‌ను దొంగదారిన కదిలించడమంటే ఇదే. మాగ్నెట్లకు మళ్లీ అయస్కాంతబలం ఎక్కించే యంత్రాలు, మోటారు శక్తిని కొలిచే డైనమోమీటర్లు కూడా వచ్చాయి. న్యూజెర్సీకి చెందిన ట్రినిటీ కంపెనీ మాన్‌స్టర్ స్టాక్ వంటి మోటార్లతోను, కాలిఫోర్నియాలో మైక్ రీడీ తన పేరిట ట్యూన్ చేసిన మోటార్లతోను ఈ కాలాన్ని ఏలారు.

బ్యాటరీల్లోనూ ఇదే కథ. ఒకే పెట్టెలోని సెల్స్ అన్నీ ఒకేలా ఉండవు. అమ్మకందారులు ప్రతి సెల్‌నూ మొదట్లో 20, తర్వాత 30 ఆంపియర్ల దగ్గర ఖాళీ చేసి, ఎన్ని సెకన్లు నిలిచిందో, సగటున ఎంత వోల్టేజి ఇచ్చిందో చీటీ మీద అచ్చువేసి అంటించేవారు. సరితూగిన ఆరింటిని ఒక ప్యాక్‌గా కట్టి మామూలు ధరకు ఎన్నో రెట్లకు అమ్మేవారు. 1990లలో సెల్ లోపలి నిరోధం తగ్గేలా క్షణకాలం భారీ కరెంటు పంపే పద్ధతి కూడా మొదలైంది. నికెల్-మెటల్ హైడ్రైడ్ సెల్స్ వచ్చి నిల్వ 3,000 మిల్లీ ఆంపియర్ అవర్లు దాటాక బ్యాటరీ మధ్యలో అయిపోతుందన్న భయం తగ్గింది, వోల్టేజి కోసం వెంపర్లాట మిగిలింది. చవకగా ఉండాలని మొదలైన తరగతిలో గెలవాలంటే మాడిఫైడ్ కంటే తక్కువేమీ ఖర్చయ్యేది కాదు.

బ్రష్‌లెస్ రాక

2000ల తొలి అర్ధంలో కాలిఫోర్నియాకు చెందిన నోవాక్ కంపెనీ సెన్సార్లున్న బ్రష్‌లెస్ మోటార్లను పోటీలకు తెచ్చింది. బ్రష్ లేదు, కమ్యూటేటర్ లేదు, లేతు అక్కర్లేదు. 27 చుట్ల పాత మోటారుకు బదులుగా మొదట 13.5 చుట్ల బ్రష్‌లెస్‌ను అనుకున్నారు. అది పాతదానికంటే స్పష్టంగా వేగంగా తేలడంతో 17.5 చుట్లది స్టాక్‌గా స్థిరపడింది. 2000ల చివర్లో గట్టి పెట్టెలో అమర్చిన రెండు సెల్స్ లిథియం-పాలిమర్ బ్యాటరీ 7.4 వోల్టులతో రంగంలోకి దిగింది. సెల్స్‌ను జతకూర్చే వ్యాపారం దాంతో మూలపడింది. ఇక ఖర్చుల పీడ విరగడైందని చాలామంది సంబరపడ్డారు.

ఆ సంబరం ఎక్కువ కాలం నిలవలేదు. బ్రష్‌లెస్ మోటారులో ఏ తీగచుట్టకు ఎప్పుడు కరెంటు అందాలో నిర్ణయించేది స్పీడ్ కంట్రోలర్. అంటే టైమింగ్ ఇనుప ముక్కలోంచి సాఫ్ట్‌వేర్‌లోకి మారింది. 2009 ప్రాంతంలో టెకిన్, ఎల్‌ఆర్‌పీ వంటి కంపెనీల కంట్రోలర్లు మోటారు వేగం పెరిగే కొద్దీ టైమింగ్‌ను వాటంతట అవే ముందుకు జరపసాగాయి. దీనికి బూస్ట్ అని పేరు. తిన్నని దారిలో పూర్తి థ్రాటిల్ మీద మరికొన్ని డిగ్రీలు కలిపితే అది టర్బో. 17.5 చుట్ల మోటారు మాడిఫైడ్‌ను తలపించే వేగంతో దూసుకెళ్లింది. కొత్త సాఫ్ట్‌వేర్ విడుదలైన వారమే పాత కంట్రోలర్ వెనకబడేది. మోటార్లు వేడికి మాడిపోయేవి. నిబంధనల పుస్తకంలో మోటారు స్టాకే, ట్రాక్ మీద మాత్రం కాదు.

దీనికి విరుగుడుగా 2010 తర్వాత అమెరికాలోను బ్రిటన్‌లోను కంట్రోలర్ టైమింగ్‌ను సున్నా చేసే నియమం వ్యాపించింది. కంట్రోలర్ ఆ స్థితిలో ఉన్నట్టు దాని మీది చిన్న లైటు మిణుకుమిణుకుమనాలి. తనిఖీదారు పైనుంచి చూసి చెప్పేయవచ్చు. పోటీదారులు దీన్ని బ్లింకీ అంటారు. రోర్ ఆ తర్వాత తీగచుట్టల కనీస నిరోధాన్ని, లోపల తిరిగే అయస్కాంతపు రోటర్ కొలతలను కూడా నిర్ణయించి, ఆమోదించిన మోటార్ల జాబితా ప్రకటిస్తూ వచ్చింది.

ఇప్పటి పద్ధతులు

సాఫ్ట్‌వేర్ తలుపు మూశాక టైమింగ్ మళ్లీ మోటారు వెనక మూతకే వచ్చింది. సెన్సార్ల పలక ఉన్న ఆ మూతను తిప్పితే టైమింగ్ మారుతుంది. పెంచే కొద్దీ ఖాళీగా తిరిగేటప్పటి వేగం పెరుగుతుంది, దాంతో పాటు మోటారు లాగే కరెంటూ పెరుగుతుంది. ఒక దశ దాటితే వేగం కొసరుగా, కరెంటు విపరీతంగా పెరుగుతాయి. మూత మీద అచ్చువేసిన డిగ్రీల గీతలు ఒక మోటారుకూ మరోదానికీ సరిపోలవు. అనుభవమున్నవారు గీతను నమ్మరు, ఖాళీగా తిరిగేటప్పుడు ఎన్ని ఆంపియర్లు లాగుతోందో మీటరు మీద చూసి మూత బిగిస్తారు.

టైమింగ్‌ను గేరింగ్ నుంచి విడదీసి చూడలేం. టైమింగ్ పెంచితే పినియన్ చిన్నదవ్వాలి, తగ్గిస్తే పెద్దది వేయవచ్చు. ఉదాహరణకు 1/10 టూరింగ్ కారులో పినియన్ తిప్పే స్పర్ గేర్‌కు 84 పళ్లు, పినియన్‌కు 42, లోపలి బెల్టు నిష్పత్తి 2 అనుకుందాం. 84ను 42తో భాగించి 2తో గుణిస్తే తుది నిష్పత్తి 4. అంటే మోటారు నాలుగు చుట్లు తిరిగితే చక్రం ఒక్క చుట్టు తిరుగుతుంది. స్పాంజి టైర్లు వాడే 1/12 కార్లలో ఈ లెక్క చాలదు, ఎందుకంటే టైరు పోటీ పోటీకీ అరుగుతుంది. 42 మిల్లీమీటర్ల వ్యాసమున్న టైరు 40కి వస్తే కారు ఒక్కో చుట్టుకు దాదాపు 5 శాతం తక్కువ దూరం పోతుంది. మోటారు ఒక చుట్టుకు కారు ఎన్ని మిల్లీమీటర్లు కదులుతుందో లెక్కించి, ఆ దూరం మారకుండా పినియన్ మారుస్తారు. దీన్నే రోలవుట్ అంటారు.

గేరు ఎక్కువైందా అన్నది పోటీ ముగియగానే మోటారు వేడి చెబుతుంది. ఇన్‌ఫ్రారెడ్ థర్మామీటరులో 70 డిగ్రీల సెల్సియస్ దాటడం మొదలైతే చాలామంది జాగ్రత్తపడతారు. మితిమీరి వేడెక్కిన రోటర్‌లోని నియోడిమియం అయస్కాంతం తన బలంలో కొంత శాశ్వతంగా కోల్పోతుంది. ఆ మోటారు మరుసటి రోజు చల్లారినా మునుపటిలా లాగదు.

మిగిలిన వేగమంతా రాపిడిలో దాగి ఉంటుంది. బేరింగుల్లోని గ్రీజును కడిగేసి పల్చటి నూనె వేయడం, పళ్లు పట్టీపట్టనట్టు ఆనేలా గేర్లు అమర్చడం, బెల్టు వదులు చూసుకోవడం స్టాక్ పోటీదారుడి నిత్యకృత్యం. ఛాసిస్ విషయంలో స్టాక్ తర్కం మాడిఫైడ్‌కు ఎదురు నడుస్తుంది. మాడిఫైడ్‌లో టైరు పట్టు ఎంతున్నా స్వాగతమే. స్టాక్‌లో మలుపు దాటడానికి కావలసినదాని కంటే పట్టు ఎక్కువైతే టైరు నేలను రుద్దుతూ వేగాన్ని తినేస్తుంది, పోయిన వేగాన్ని తిరిగి తెచ్చే బలం మోటారుకు లేదు. అందుకే మంచి స్టాక్ కారు మలుపులో విశాలంగా, బ్రేకు జోలికి దాదాపు వెళ్లకుండా జారిపోతుంది.

17.5 కూడా కొత్తవారికి మరీ వేగమైపోవడంతో 21.5, 25.5 చుట్ల తరగతులు పుట్టుకొచ్చాయి. అమెరికాలో పాతకాలపు ట్రాన్స్-ఆమ్ కార్ల బాడీలతో జరిగే వింటేజ్ తరగతిలో వాడేది 25.5 చుట్ల మోటారే. కొన్ని పోటీల్లో టైమింగ్ మూతను కదలకుండా బిగించిన మోటార్లను మాత్రమే అనుమతిస్తున్నారు. ఇంకొన్నిచోట్ల నిర్వాహకులే మోటార్లు పంచి, పోటీ ముగిశాక వెనక్కి తీసుకుంటారు.