దవాఖానా హిసాబ్ అడిగే హక్కు ఎవరిది?

ఖైరాతీ దవాఖానాలకు చందా ఇచ్చేవాళ్లు మనలో వేలల్లో ఉంటారు. ఆ చందా ఎట్లా ఖర్చయిందని అడిగినవాళ్లు ఇరవై ఏళ్ల నా విలేకరి బతుకులో వేళ్ల మీద లెక్కపెట్టేంత మంది కూడా కనబడలేదు. రంజాన్‌లో జకాత్ ఇస్తాం. బక్రీద్‌కు ఖుర్బానీ చర్మాలు ఇస్తాం. ఇంట్లో పెద్దవాళ్లు ఇంతెఖాల్ అయితే వాళ్ల పేరు మీద ఈసాలె సవాబ్ కోసం ఒక మంచమో, ఒక డయాలసిస్ మిషనో ఇస్తాం. ఇచ్చాక అడగడం బద్‌తమీజీ అనుకుంటాం. "సవాబ్ కోసం ఇచ్చాం, హిసాబ్ అల్లా చూసుకుంటాడు" అనేవారు మా ఖాలూ. మంచి మనిషి. ఈ ఒక్క మాట దగ్గర మాత్రం ఆయనతో నాకు ఎప్పుడూ పడేది కాదు.

ఎందుకంటే మన తారీఖ్ ఇంకోలా ఉంది. బనూ సులైమ్ దగ్గర జకాత్ వసూలుకు పంపిన ఇబ్నుల్ లుత్బియ్యా తిరిగొచ్చి, ఇది మీది, ఇది నాకు తోఫాగా వచ్చింది అని రెండు కుప్పలు చేసి చూపిస్తే, రసూలుల్లా (స) ఆయన్ను అక్కడే నిలదీశారు. అంతటితో వదలక మింబరెక్కి జనమందరి ముందూ ఆ సంగతి మాట్లాడారు. బుఖారీలో ఉన్న రివాయత్ ఇది. నాకు ఇందులో ముఖ్యమనిపించేది ఆ రెండో భాగం, అంటే హిసాబ్ నాలుగ్గోడల మధ్య ఆగిపోకపోవడం.

ఇక దవాఖానాల సంగతికొద్దాం. మనవాళ్లు జల్సాల్లో ఫఖ్ర్‌గా చెప్పుకునే పేరు కైరోలోని మన్సూరీ బీమారిస్తాన్. సుల్తాన్ మన్సూర్ ఖలావూన్ 1284-85లో కట్టించాడు. అమీర్‌గా ఉన్న రోజుల్లో షామ్‌లో జబ్బుపడితే దమస్కస్‌లోని నూరుద్దీన్ బీమారిస్తాన్ మందులతో కోలుకున్నాడని, తఖ్తు దక్కితే తానూ అలాంటిది కట్టిస్తానని అప్పుడే మన్నత్ చేసుకున్నాడని చెబుతారు. ఏడాది తిరక్కుండానే ఇమారత్ లేచింది. దుకాణాలు, హమ్మామ్‌లు, భూములు వఖ్ఫ్ చేశారు. వాటి ఆమ్‌దనీ ఏడాదికి దాదాపు పది లక్షల దిర్హమ్‌లని చరిత్రకారుడు మఖ్రీజీ రాశాడు.

ఆ వఖ్ఫ్‌నామాలో అమీర్, గరీబ్, మర్ద్, ఔరత్ అనే తేడా లేదు. బీమార్ బాగయ్యేదాకా ఉండొచ్చు, పైసా అక్కర్లేదు. ఎండాకాలంలో బీమార్లకు ఖర్జూరపాకు విసనకర్రలు కొనాలని, ఒక్కొక్కరి భోజనం వేరే గిన్నెలో, పైన మూతపెట్టి ఇవ్వాలని కూడా రాశారు. ఈ రోజుల్లో మనం దవాఖానా బడ్జెట్ అనే కాగితం అప్పట్లో వఖ్ఫ్‌నామాలోనే ఉండేదన్నమాట. డబ్బు దేనికి పోవాలో ముందే రాసి పెట్టారు. దాదాపు ఏడు వందల నలభై ఏళ్ల క్రితం విసనకర్రల ఖర్చు కూడా కాగితం మీద పెట్టినవాళ్ల ముందు సలాం చేయాల్సిందే.

కానీ మఖ్రీజీయే ఇంకో సంగతి కూడా రాశాడు, జల్సాల్లో మనం దాన్ని దాటేస్తాం. కట్టడం పని చూసిన అమీర్ సంజర్ షుజాయీ దారినపోయేవాళ్లను పట్టుకుని రాళ్లు మోయించాడు. ఆ వీధిలో నడవడమే మానేశారు జనం. ఇలా జబర్‌దస్తీతో కట్టిన చోట నమాజ్ చదవొచ్చా అని ఉలమాల మధ్య సవాల్ లేచింది. దవాఖానా ఖైర్ కోసమే. అయితే అది ఎవరి మీద బరువు పెట్టి లేచిందని ఆ జమానాలోనే జనం అడిగారు.

మరి నిగ్రానీ ఎవరిది? వఖ్ఫ్‌కు నాజిర్ ఉండాలి. మొదట ఆ హోదా సుల్తాన్ తనకే, తర్వాత తన ఔలాద్‌కే ఉంచుకున్నాడు. మమ్లూకుల కాలం సాగేకొద్దీ మారిస్తాన్ నాజిర్ అనేది పెద్ద పెద్ద అమీర్లకు దక్కే పదవి అయింది. ఎక్కువ ఆమ్‌దనీ ఉన్న వఖ్ఫ్‌కు కాపలా కాయడం కూడా ఒక జాగీరులా తయారైంది. ఏదైనా తప్పు జరిగితే ఖాజీ దగ్గరికి పోయే దారి ఉంది. కాగితాల్లో బీమార్ హక్కుదారుడే, అయినా ఖర్చు తీర్మానించే చోట అతనికి కుర్చీ లేదు.

మన దగ్గర కూడా అంతే. మహమ్మద్ ఖులీ ఖుతుబ్ షా 1595లో హైదరాబాద్‌లో దారుల్ షిఫా కట్టించాడు. రెండంతస్తుల ఇమారత్, లోపల పెద్ద సహన్, యునానీ ఇలాజ్‌తో పాటు చదువు చెప్పడం కూడా. ఇప్పుడు దారుల్ షిఫా అంటే బస్సు దిగే మొహల్లా పేరు.

ఈ కథలో అసలు మలుపు 1923లో వచ్చింది. మనలో లాయర్లు తప్ప ఎవరూ మాట్లాడుకోని మలుపు. ఆ ఏడాది ముసల్మాన్ వఖ్ఫ్ చట్టం చేశారు. పదేళ్ల ముందు, 1913లో, జిన్నా తెచ్చిన బిల్లు ఖానదానీ వఖ్ఫ్‌లను నిలబెట్టింది. ఈ 1923 చట్టం ముతవల్లీల వైపు తిరిగింది. ప్రతి ముతవల్లీ వఖ్ఫ్ జాయదాద్, ఆమ్‌దనీ, ఖర్చు వివరాలు జిల్లా కోర్టుకు ఇవ్వాలి. మార్చి 31 దాటిన మూడు నెలల్లో ఆడిట్ అయిన హిసాబ్ దాఖలు చేయాలి. చేయకపోతే మొదటిసారి 500 రూపాయల దాకా జుర్మానా, మళ్లీ చేస్తే 2,000 దాకా. ఆనాటి 500 అంటే తక్కువేం కాదు.

నాకు ఇష్టమైనది అందులోని నాలుగో సెక్షన్. ముతవల్లీ వివరాలు ఇచ్చాడని కోర్టు గోడ మీద అందరికీ కనబడే చోట నోటీసు అంటించాలి. ఆ నోటీసు చూసి "ఏ వ్యక్తి అయినా" ఫీజు కట్టి, ఇంకా వివరాలు కావాలి, కాగితాలు చూపించమని దరఖాస్తు పెట్టుకోవచ్చు. ఆ మనిషి చందా ఇచ్చాడా, కమిటీలో మెంబరా, ఆ మొహల్లావాడేనా అని ఎవరూ అడగరు. వఖ్ఫ్ డబ్బుతో నడిచే మదరసాకైనా, సరాయికైనా, షఫాఖానాకైనా ఇదే ఖానూన్. తర్వాతి చట్టాల్లో ఈ మాట ఇంత సాఫ్‌గా నాకు దొరకలేదు.

లోపాలు లేవని కాదు. ఏ సూబాలో అమలు చేయాలన్నది అక్కడి సర్కారు చేతిలో పెట్టారు. నిజాం రియాసత్‌కు వర్తించనే లేదు. హిసాబ్ కూడా ఖర్చయిపోయిన తర్వాతే. 1954 నుంచి వఖ్ఫ్ బోర్డులు వచ్చాక లెక్కలు కోర్టు గోడ మీద నుంచి బోర్డు ఫైళ్లలోకి వెళ్లాయి. 1923 చట్టాన్ని 2025లో పార్లమెంటు రద్దు చేసింది. కొత్త వఖ్ఫ్ సవరణ మీద జరిగిన గొడవలో ఈ చిన్న జనాజాను ఎవరూ చూడలేదు.

వఖ్ఫ్ కాని ఖైరాతీ దవాఖానాల కథ ఎక్కువగా ముంబైలో నడిచింది. బాంబే పబ్లిక్ ట్రస్ట్స్ చట్టం 1950లో వచ్చింది, పైన చారిటీ కమిషనర్‌ను కూర్చోబెట్టారు. తర్వాత చేర్చిన 31ఎ సెక్షన్‌తో, ఒక హద్దు దాటిన ఆమ్‌దనీ ఉన్న ట్రస్టు లెక్కల ఏడాది మొదలయ్యే నెల ముందే బడ్జెట్ ఇవ్వాలన్నారు. చూడండి, ఖర్చుకు ముందే హిసాబ్! కానీ ఆ బడ్జెట్ కమిషనర్ మేజా మీదికి పోతుంది, వార్డు బయట కూర్చున్నవాళ్ల చేతికి రాదు. 1985లో 41ఎఎ సెక్షన్ వచ్చింది. సర్కారు నుంచి రాయితీలు పొందిన ట్రస్టు ఆసుపత్రుల్లో 10 శాతం పడకలు గరీబులకు ముఫ్త్‌గా, ఇంకో 10 శాతం తక్కువ ఆమ్‌దనీ వాళ్లకు రాయితీ మీద ఇవ్వాలంది.

ఇరవై ఏళ్లపాటు అది ఎక్కువగా కాగితం మీదే ఉంది. 2004లో బాంబే హైకోర్టులో ప్రజాప్రయోజన వ్యాజ్యం పడితే, 2006 ఆగస్టులో కోర్టు ఒక స్కీమ్ ఖరారు చేసింది. ప్రతి ఆసుపత్రి తన మొత్తం బిల్లుల్లో 2 శాతం తీసి గరీబ్ బీమార్ల నిధి అని వేరే ఖాతాలో వేయాలి. ఆ ఖాతాలో ఎంత పడింది, ఎంత ఖర్చయింది అన్నది నిగ్రానీ కమిటీ చూస్తుంది. ఢిల్లీలో కూడా ఇలాగే. సర్కారు భూమి తక్కువ ధరకు తీసుకున్న ఆసుపత్రులు 10 శాతం పడకలు, 25 శాతం ఓపీ గరీబులకు ముఫ్త్‌గా ఇవ్వాలని హైకోర్టు 2007లో చెప్పింది. సుప్రీంకోర్టు 2018లో దానికి ముహర్ వేసింది.

రెండు చోట్లా తలుపు తట్టింది మామూలు మనుషులే. తలుపు తెరిచాక మాత్రం కుర్చీలు మళ్లీ అఫ్సర్లకే వేశారు. ఒకసారి రిపోర్టింగ్ కోసం అలాంటి ఆసుపత్రికి (ఊరు, పేరు అనవసరం) పోయి ఆ నిధిలో ఎంత మిగిలిందని అడిగితే, ఖజానా కిటికీలో ఉన్న అబ్బాయి నన్ను పైకీ కిందికీ చూసి, "మీ పేషెంట్ ఏ బెడ్డు సార్?" అన్నాడు. పేషెంట్ లేకుండా ఈ సవాల్ అడగడానికి ఎవరైనా వస్తారని అతనికి ఎవరూ చెప్పలేదు.

ఖర్చుకు ముందే, జనం ముందే అడిగే చోటు ఏదైనా ఉందా అని వెతికితే దూరంగా అమెరికాలో కనబడింది. వర్మాంట్ చిన్న రాష్ట్రం, మన వరంగల్ నగరంలో ఉన్నంత జనం కూడా ఉండరు. అక్కడి 14 సాధారణ ఆసుపత్రులూ నఫా కోసం నడిచేవి కావు. 2011లో చట్టం చేసి అయిదుగురు సభ్యులతో గ్రీన్ మౌంటెన్ కేర్ బోర్డు పెట్టారు. ఆసుపత్రుల ఏడాది అక్టోబర్ 1న మొదలవుతుంది. అంతకు ముందు ఆగస్టులో ప్రతి ఆసుపత్రి పెద్దలూ బోర్డు ముందు బహిరంగంగా కూర్చుని, వచ్చే ఏడాది ఎంత వసూలు చేస్తాం, రేట్లు ఎందుకు పెంచుతున్నాం అని జవాబు చెప్పాలి. బీమార్ల తరఫున సవాళ్లు అడగడానికి వేరే ఒక దఫ్తరే ఉంది. మామూలు జనం తమ రాయ్ రాసి పంపొచ్చు, సునవాయీకి వచ్చి చెప్పొచ్చు. సెప్టెంబర్ 15 లోపు ఫైసలా. అడిగినంత పెంపు ఇవ్వకుండా కోత పెట్టిన ఏళ్లు ఉన్నాయి. ఇలా కోస్తే పల్లె ఆసుపత్రులు మూతపడతాయని పెద్దలు, ఇన్సూరెన్స్ ప్రీమియం కట్టలేకపోతున్నామని జనం. ఆ తకరార్ ఇంకా నడుస్తూనే ఉంది. అది బయట నడవడమే నాకు నచ్చింది.

మన రెండు తెలుగు రాష్ట్రాల్లో ఇలాంటి సునవాయీ లేదు. చేతిలో ఉన్నవి కొన్నే. వఖ్ఫ్ కాని పబ్లిక్ ట్రస్టు అయితే, దానితో సంబంధం ఉన్న ఇద్దరు మనుషులు కోర్టు ఇజాజత్‌తో సివిల్ ప్రొసీజర్ కోడ్ 92వ సెక్షన్ కింద హిసాబ్ అడగొచ్చు. సర్కారు సొమ్ముతోనో, దాదాపు ముఫ్త్‌గా ఇచ్చిన సర్కారు భూమితోనో గణనీయంగా నిలబడ్డ సంస్థ సమాచార హక్కు కిందికి రావచ్చని డీఏవీ కాలేజీ ట్రస్టు కేసులో 2019లో సుప్రీంకోర్టు చెప్పింది. మన కౌమ్ దవాఖానాల్లో చాలావాటికి సర్కారు పైసా లేదు, అంతా మన చందాలే. కాబట్టి ఈ రెండో దారి అక్కడ పనికిరాదు. అడగాల్సింది మనమే.

అడగాల్సిన సవాళ్లు కూడా ఉన్నాయి. హనఫీ ఫిఖ్హ్‌లో జకాత్‌కు తమ్లీక్ షరత్ ఉంది, అంటే ఆ సొమ్ము ముస్తహఖ్ మనిషి చేతికి, అతని మిల్కియత్‌గా చేరాలి. దాన్ని నేరుగా గోడలకూ లిఫ్టుకూ పెట్టడానికి లేదు. మరి జకాత్, సద్ఖా, మామూలు చందా మూడూ ఒకే ఖాతాలో పడుతుంటే ఏ రూపాయి ఎటు పోయిందో ఎవరు చెబుతారు? డయాలసిస్ ఒక్కసారికి ఎంత ఖర్చు, అందులో బీమార్ కట్టేదెంత, చందాలోంచి పోయేదెంత?

పోయిన జనవరిలో మా వైపు ఒక దవాఖానా కమిటీ సదర్ సాబ్‌ను కలిసి ఒకటే దర్ఖాస్తు చేశాను. ఏప్రిల్ రాకముందే వచ్చే ఏడాది బడ్జెట్ ఒక పేజీలో, తెలుగులో ఒకటి, ఉర్దూలో ఒకటి, ఓపీ గోడకు అంటించండి, ఒక జుమా తర్వాత అరగంట సవాళ్లకు ఇవ్వండి అన్నాను. ఆయన చాయ్ తెప్పించారు. కమిటీలో పెడతానన్నారు. నిన్న ఫోన్ చేస్తే, తెలుగు పేజీ తయారైందట, ఉర్దూ కాతిబ్ దొరకడం లేదట. ఉర్దూది నేనే రాసిస్తానని చెప్పాను.