నదీతీరాలను విడిచి వానదేశానికి

వాక్యభాగము: ద్వితీయోపదేశకాండము 11:10-12, యిర్మీయా 2:18



బైబిలు ప్రక్కన ప్రాచీన ప్రపంచపు పటం పెట్టుకొని చదివితే ఒక సంగతి మనకు కనబడుతుంది. దేవుడు అబ్రాహామును కల్దీయుల ఊరు నుండి పిలిచాడు. అది యూఫ్రటీసు ప్రాంతము. అబ్రాహాము సంతానమును ఐగుప్తు నుండి రప్పించాడు. అది నైలునది దేశము. ఆనాటి లోకంలో ధాన్యానికి పేరుపడిన గొప్ప నదీలోయలు ఇవి. ఆ రెంటి నుండీ తన ప్రజలను బయటికి తెచ్చి, కొండలూ లోయలూ గల కనానులో నిలిపాడు. ఎందుకు? ఈ ప్రశ్నకు జవాబు వెదకేముందు ఆ నదుల చరిత్ర కొంత తెలిసికొందాము.

మొదటిది, రెండు నదుల దేశము. ఆదికాండము 2వ అధ్యాయంలో హిద్దెకెలు అని చెప్పబడిన టైగ్రిస్, దానితోపాటు యూఫ్రటీసు, ఈ రెండూ ఉత్తరాన కొండలలో మంచు కరిగినప్పుడు పొంగేవి. ఆ పొంగు ఏప్రిల్, మే నెలల్లో వచ్చేది. అప్పటికి చేలలో యవలు కోతకు సిద్ధమై ఉండేవి. విత్తే కాలంలో నీరు చాలదు, కోసే కాలంలో వద్దన్నా వస్తుంది! అందుకే షీనారు ప్రజలు కాలువలు త్రవ్వారు, గట్లు వేశారు, తరతరాలుగా పూడిక తీశారు. మురుగు సరిగా పోక నేల చౌడుబారిన చోట్ల గోధుమ తగ్గించి, ఉప్పును ఓర్చుకొనే యవలు ఎక్కువగా వేశారు.

ఈ కష్టం నుండే ఎన్నో విద్యలు పుట్టాయి. ఆదికాండము 10:10లోని ఎరెకు పట్టణమే చరిత్రకారులు చెప్పే ఉరుక్. క్రీ.పూ. 3200 ప్రాంతంలో అక్కడ మట్టిపలకల మీద వ్రాత మొదలైంది. ఆ పలకలలో ఎక్కువ భాగం కథలు కావు, ధాన్యము, గొఱ్ఱెలు, బత్తెముల లెక్కలు. క్రీ.పూ. 1750 ప్రాంతపు హమ్మురాబి చట్టాలు చెక్కిన రాతిస్తంభం 1901-02లో షూషనులో బయటపడింది. ఎస్తేరు గ్రంథంలోని షూషనే అది! అందులో ఒక చట్టం గమనించండి. ఒకడు సోమరితనంతో తన గట్టును బాగుచేయక, గండి పడి పొరుగువారి చేలు మునిగితే, పోయిన ధాన్యం అతడే ఇచ్చుకోవాలి. ఇవ్వలేకపోతే అతనిని, అతని ఆస్తిని అమ్మి, ఆ సొమ్మును నష్టపోయినవారు పంచుకొంటారు. ఒక్క గట్టు తెగితే కుటుంబమే బానిసత్వంలోకి పోయేంత భయము ఆ నది ఒడ్డున ఉన్నది.

నది ఎలాంటిదో దేవుళ్లనూ అలాగే ఊహించుకొన్నారు. వారి అత్రహసీస్ కథలో చిన్న దేవతలు కాలువలు త్రవ్వి త్రవ్వి అలసిపోయి ఎదురుతిరుగుతారు. అప్పుడు ఆ చాకిరీ చేయడానికే మనుష్యులను పుట్టించారట. ఆదికాండము చెప్పేది వేరు. దేవుడు మనుష్యుని తన పోలికలో చేశాడు.

రెండవది, నైలు. ఇథియోపియా కొండల మీద కురిసిన వర్షం వలన ఈ నది జూన్ నుండి పెరుగుతూ, ఆగస్టు, సెప్టెంబరులలో నిండుగా పారి, తరువాత తగ్గేది. తగ్గేటప్పుడు నల్లని ఒండ్రుమట్టి పరచి పోయేది. ఆ పదునులో విత్తి, మరల పొంగు రాకముందే కోసుకొనేవారు. 1970లో ఆస్వాన్ ఎత్తైన ఆనకట్ట పూర్తయ్యే నాటికి ఆ వరద ఆగిపోయింది గాని, అంతకుముందు వేల సంవత్సరాలు ఐగుప్తు దానిమీదనే బ్రదికింది.

ఇంత క్రమంగా అన్నం పెట్టే నది ఉంటే మనుష్యునికి ఏమి వస్తుంది? ధీమా వస్తుంది. ఫరోయే దేవుడన్నారు. క్రీ.పూ. 2560 ప్రాంతంలో ఖుఫు రాజు సమాధిని సుమారు 146 మీటర్ల ఎత్తుకు లేపారు. నది తనదేనని, దానిని తానే కలుగజేసికొన్నానని ఫరో అతిశయించిన సంగతి యెహెజ్కేలు 29వ అధ్యాయంలో చదువుతాము. అయితే యోసేపు కాలపు ఫరో కలను జ్ఞాపకం చేసికోండి. బలిసిన ఆవులు ఏటిలో నుండి వచ్చాయి. చిక్కిపోయిన ఆవులు? అవి కూడా అదే ఏటిలో నుండి వచ్చాయి!

మూడవ లోయ సింధునదిది. ఇది బైబిలు చరిత్రకు దూరము. అయినా అక్కడి ముద్రలు ఊరు పట్టణపు త్రవ్వకాలలో దొరికాయి, అనగా వ్యాపారం ఉన్నది. 1920లలో బయటపడిన హరప్పా, మొహెంజొదారోలలో ఫరోల సమాధుల వంటివి కనబడలేదు. బావులు, కొలత తప్పని ఇటుకలు, వీధుల వెంట మురుగుకాలువలు కనబడ్డాయి. ఎంతో క్రమముగల ప్రజలు. అయినా క్రీ.పూ. 1900 తరువాత ఆ పట్టణాలు క్షీణించాయి. ఋతుపవనాలు బలహీనపడటం అందుకు ఒక కారణమని పరిశోధకులు చెప్పుచున్నారు.

ఇప్పుడు కనాను చూడండి. అక్కడ యొర్దాను లేదా అని మీరు అడగవచ్చు. ఉన్నది. కాని గలిలయ సముద్రమే సముద్రమట్టానికి 200 మీటర్లకు పైగా దిగువన ఉన్నది, మృత సముద్రము 400 మీటర్లకు పైగా దిగువన ఉన్నది. యెరూషలేమేమో దాదాపు 750 మీటర్ల ఎత్తున ఉన్నది. పల్లంలో పారే నది కొండమీది చేనును ఎలా తడుపుతుంది? తొలకరి, కడవరి వానలే ఆధారము. మోషే చెప్పినదీ అదే. ఐగుప్తులో కూరతోటకు పెట్టినట్లు నీరు పెట్టుకొన్నారు. ఈ దేశమైతే ఆకాశపు వర్షజలము త్రాగుతుంది, సంవత్సరం పొడుగునా దేవుని కన్నులు దానిమీద ఉంటాయి.

అయితే వానదేశంలో ఉన్నంత మాత్రాన భక్తి రాలేదు. కనానీయులు బయలును వాన దేవుడన్నారు. 1929 నుండి ఉగరిత్‌లో దొరికిన పలకలలో మేఘాలమీద స్వారీ చేసేవానిగా బయలు కనబడతాడు. ఇశ్రాయేలీయులు కూడా అతనికి మోకరించారు. తరువాత యూదా రాజులు గుఱ్ఱాల కొరకు ఐగుప్తు వైపు, సహాయం కొరకు అష్షూరు వైపు చూశారు. నైలు నీళ్ల కొరకు, యూఫ్రటీసు నీళ్ల కొరకు ఆ దారుల్లో మీకేమి పని అని యిర్మీయా నిలదీశాడు. దేవుడు విడిపించిన తీరాలకే తిరిగి దాహంతో పోవడం ఎంత విచారము!

ప్రియులారా, మనలో కాలువ క్రింద పొలాలున్నవారు ఉన్నారు. నెల నెలా జీతం వచ్చేవారు ఉన్నారు. కాలువ పాపము కాదు, జీతము పాపము కాదు. యోసేపు ఐగుప్తు ధాన్యాన్నే కొట్లలో నిలువచేసి అనేకులను బ్రదికించాడు. అది నాదే, నేనే చేసికొన్నాను అనుకొన్న దినాన మన ఇంట ఫరో కూర్చుంటాడు.

మనలో మెట్ట రైతులూ ఉన్నారు. బోరు మీద బోరు వేసి, నీరు పడక, అప్పు తీర్చలేక, ఆకాశం వైపు చూస్తూ ఈ మాటలు వింటున్న సహోదరులున్నారు. వాన రాకపోతే అతని విశ్వాసంలో లోపమున్నదని దయచేసి ఎవరూ అనవద్దు. నీతిమంతుల మీదా అనీతిమంతుల మీదా ఒకే విధంగా వాన కురిపించే తండ్రిని గూర్చి ప్రభువు మత్తయి 5వ అధ్యాయంలో బోధించాడు. దేవుని కన్నులు ఉన్నవని చెప్పబడినది ధీమాగల నదీలోయను గూర్చి కాదు, వానకొరకు కనిపెట్టే కొండదేశమును గూర్చి. అబ్రాహాము కూడా ఆ దేశానికి వచ్చీ రాగానే కరవు చూశాడు.

అందుచేత కాలువ క్రింద ఉన్న సంఘమా, మెట్టలో ఉన్న నీ సహోదరుని విడువవద్దు. గట్టు తెగితే పొరుగువాని నష్టం కట్టాలని హమ్మురాబి చట్టం చెప్పింది. క్రీస్తు ప్రేమ, ఏ తప్పూ చేయని మనలను కూడా పొరుగువాని భారము మోయమంటుంది. ఈ వారమే ఒక ఇంటికి వెళ్లండి. ప్రార్థన చేయండి, చేతనైనంత సహాయం చేయండి.

ప్రార్థించుకొందాము. పరలోకపు తండ్రీ, నిండిన కాలువ చూచి నిన్ను మరువకుండ, ఎండిన చేను చూచి నిన్ను అనుమానింపకుండ మమ్మును కాపాడుము. అప్పుల భారంతో కన్నీళ్లు విడుచుచున్న కుటుంబాలను జ్ఞాపకము చేసికొనుము. వారి యొద్దకు మమ్మును పంపుము. యేసు నామమున అడుగుచున్నాము తండ్రీ. ఆమేన్.