రేడియో నేర్పిన మూడు నిమిషాలు

“పొద్దున్న లేచిన దగ్గరనుంచీ రాత్రి నడుం వాల్చేదాకా చాకిరీయే కదమ్మా! దానికి మించిన వ్యాయామం ఇంకేం కావాలి?” అన్నారు మొన్న మా పక్కింటి పిన్నిగారు.

ఈ మాట మీరూ ఎప్పుడో అనే ఉంటారు. నేనూ చాలా ఏళ్లు అన్నాను. కానీ మా అమ్మ సంగతి తలుచుకుంటే ఆ ధీమా కాస్తా సడలిపోయింది. జన్మంతా ఒక్క నిమిషం ఖాళీగా కూర్చోని మనిషి, అరవై దాటేసరికి పీట మీద కూర్చుంటే ఎవరో ఒకరు చెయ్యి అందించందే లేవలేకపోయేది. చాకిరీ ఒంటిని అలవగొడుతుందే గానీ, అన్ని కీళ్లనీ కదిలించదు. పొయ్యి దగ్గరైనా, అంట్ల దగ్గరైనా, బట్టల దగ్గరైనా ఎప్పుడూ ముందుకే వంగుతాం. వెనక్కి వంగేదెప్పుడు? చేతులు రెండూ బారజాపి పైకెత్తేదెప్పుడు?

సరే, వ్యాయామం అవసరమే అనుకుందాం. మరి తీరికో? ఈ ప్రశ్నకి జపాన్ దేశంలో రేడియో ఒక జవాబు చెప్పింది. అప్పుడప్పుడూ మైకు ముందు కూర్చునేదాన్ని కదా, అందుకేనేమో ఆ కథంటే నాకు మరీ ఇష్టం.

కథ మొదలైంది జపాన్‌లో కాదు, అమెరికాలో. 1925లో న్యూయార్క్‌లోని మెట్రోపాలిటన్ లైఫ్ అనే జీవిత బీమా కంపెనీ పొద్దున్నే రేడియోలో వ్యాయామం నేర్పించడం మొదలుపెట్టింది. బీమా కంపెనీకి వ్యాయామంతో ఏం పని అంటారా? పాలసీ తీసుకున్నవాళ్లు నాలుగు కాలాలపాటు చల్లగా బతికితే కంపెనీకీ లాభమే కదండీ! ఆ రోజుల్లో జపాన్‌లో తపాలా శాఖవారు సామాన్యులకి జీవిత బీమా ఇచ్చేవారు. అక్కడి మనుషుల సగటు ఆయుర్దాయం అప్పట్లో 45 ఏళ్లకి కాస్త అటూ ఇటూ. అమెరికావాళ్ల పద్ధతి చూసిన ఆ బీమా అధికారులకి, మన దేశంలోనూ ఇలా చేస్తే బాగుంటుందే అనిపించింది.

అలా 1928 నవంబరు 1వ తేదీన, హిరోహిటో చక్రవర్తి పట్టాభిషేకం సందర్భంగా, టోక్యో రేడియోలో వ్యాయామం మొదలైంది. దాని పేరు ‘రాజియో తైసో’. రాజియో అంటే రేడియో, తైసో అంటే వ్యాయామం. పియానో మోగుతూ ఉంటుంది, ఒక గొంతు ఒకటి, రెండు అని లెక్క చెబుతూ ఉంటుంది, వినేవాళ్లు నిలబడ్డ చోటే చేతులూ కాళ్లూ ఆడిస్తారు. పరికరాలు అక్కర్లేదు, ప్రత్యేకం దుస్తులు అక్కర్లేదు, ఒక చాప పరిచేంత జాగా చాలు. రేడియో లేనివాళ్లు ఉన్నచోటికి వెళ్లి నలుగురితోపాటు చేసేవారు. 1930లో టోక్యోలో ఒక పోలీసు ఉద్యోగి వేసవి సెలవుల్లో పిల్లల్ని పోగుచేసి పొద్దున్నే చేయించాడు. ఆ అలవాటు దేశమంతా పాకింది. వచ్చిన పిల్లలకి రోజుకో ముద్ర వేసే చిన్న కార్డు కూడా ఇచ్చేవారు. ముద్ర కోసమైనా పిల్లలు నిద్ర లేచేవారన్నమాట!

అయితే ఈ కథలో ఒక చేదు ముక్క కూడా ఉంది. యుద్ధం రోజుల్లో ఇదే వ్యాయామం కవాతుగా మారింది. ఆరోగ్యం కోసం మొదలైనది జనాన్నంతా ఒక్క తాటి మీద నడిపించడానికి పనికొచ్చింది. కొరియా, తైవాన్ వంటి తమ ఏలుబడిలోని చోట్ల కూడా జపాన్‌వారు దాన్ని అమలు చేశారు. 1945లో యుద్ధంలో ఓడిపోయాక దేశం అమెరికా సేనల అదుపులోకి వెళ్లింది. పాత వ్యాయామం ఆగిపోయింది. 1946లో మార్చి మళ్లీ తెచ్చిన కొత్త పద్ధతీ మరుసటి ఏడే మూలపడింది.

కానీ 1951 మే నెలలో రేడియోలో పియానో మళ్లీ మోగింది. ఈసారి కదలికలు కొత్తవి, పాట కొత్తది. మొత్తం 13 కదలికలు, మూడు నిమిషాల పైన కొద్ది సెకన్లు, అంతే. అన్నిటికన్నా ముఖ్యం, ఈసారి చెయ్యమని ఆజ్ఞ లేదు. ఇష్టమున్నవాళ్లు చేశారు, లేనివాళ్లు మానేశారు. ఆజ్ఞ పోయినా అలవాటు పోలేదు చూశారా! 1999లో పెద్ద వయసువాళ్లకీ, అవయవ లోపాలున్నవాళ్లకీ అనువుగా ఇంకొక పద్ధతి తయారుచేశారు. కుర్చీలో కూర్చునే చేసుకోవచ్చు. ఈనాటికీ పొద్దున్న ఆరున్నరకి అక్కడి ఎన్.హెచ్.కె. రేడియోలో ఆ పియానో వినిపిస్తుంది.

ఇందులో మనం నేర్చుకోవలసింది ఒక్కటే. ‘తీరిక దొరికితే చేద్దాం’ అనుకున్నవాళ్లకి ఆ తీరిక ఏనాటికీ దొరకదు. వాళ్లు తీరిక కోసం వెతకలేదు, వేళ పెట్టుకున్నారు. ఆరున్నర అంటే ఆరున్నరే. మనం పాలవాడికి వేళ పెడతాం, కుళాయి నీళ్లకి వేళ పెట్టుకుంటాం, మనవారి టిఫినుకీ, పిల్లల బస్సుకీ వేళ పెడతాం. మన ఒంటికి మాత్రం ఏ వేళా పెట్టుకోం!

నేనూ ఒక వేళ పెట్టుకున్నాను. పొద్దున్న కాఫీ డికాక్షన్ దిగేలోగా, వంటింటి గుమ్మం దగ్గరే. మొదటి వారంలో నాలుగు రోజులు తప్పాను. ఒకరోజు మావారు “కాఫీ ఏదీ?” అని కేకేశారు. “మూడు నిమిషాలు ఆగండి” అన్నాను. పెళ్లయిన ఇన్నేళ్లలో నా కోసం ఆయన్ని ఆగమనడం అదే మొదలేమో! ఆయన ఆగారు. కొంపేమీ మునగలేదు.

మూడు నిమిషాలతో అంతా అయిపోతుందని నేననను. పెద్దవాళ్లకి వారానికి కనీసం 150 నిమిషాలు కాస్త ఊపిరి వేగం పెరిగేలాంటి కదలిక కావాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతోంది. అంటే రోజుకి ఇరవై నిమిషాల పైచిలుకు. చురుగ్గా నడిచినా, చెమట పట్టేలా ఇల్లు తుడిచినా అందులోకి వస్తాయి. మోకాళ్ల నొప్పులూ, గుండె జబ్బులూ ఉన్నవాళ్లు డాక్టరుగారిని అడిగి మొదలుపెట్టండి. కానీ ఇరవైకి ముందు మూడు ఉందిగా!

పిన్నిగారికి ఇదంతా చెప్పాను. “అయితే నాకూ ఆ కుర్చీ వ్యాయామం చూపించమ్మా” అన్నారు. రేపు ఆరున్నరకి రమ్మన్నాను. మరి మీరు ఏ వేళ పెట్టుకుంటారు?